తాళంచెవి మన చేతిలోనే ఉండాలి
(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఈ సంవత్సరం ఉపకార వేతనం అందుకుంటున్న పిల్లలందరికీ నా హృదయపూర్వక అభినందనలు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చదువు విలువ గురించి చక్కగా చెప్పారు. నాకు మాత్రం కార్యదర్శి గారు వేరే అంశం అప్పగించారు. నిరుడు దరఖాస్తుల సమయంలో మన ట్రస్టు వెబ్‌సైటు ఎందుకు అంత నెమ్మదిగా నడిచింది, దాన్ని ఎలా సరిచేసుకున్నాము అన్నది అందరికీ అర్థమయ్యేలా చెప్పమన్నారు. నేను కంప్యూటర్ రంగంలో ఉద్యోగం చేస్తూ, గత సంవత్సరం నుండి ట్రస్టు వెబ్‌సైటు పనిని సేవగా చూస్తున్నాను. ఇది కంప్యూటర్ వాళ్ళ గొడవ, మనకెందుకు అని ఎవరూ అనుకోవద్దని మనవి. చివరికి ఇది మీ ఇంట్లోని ప్రతి దరఖాస్తుకూ సంబంధించిన విషయమే అని మీకే తెలుస్తుంది.

వెబ్‌సైటు నెమ్మదిస్తే నష్టం ఎవరికి?

మంచి ఫోను, మంచి కనెక్షను ఉన్నవాళ్ళకు వెబ్‌సైటు ఆలస్యమైతే విసుగు మాత్రమే. అదే పొదటూరుపేటలో మగ్గం మీద కూలికి నేసే తల్లి సంగతి చూడండి. సగం రోజు పని మానుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని, బస్సెక్కి తిరుత్తణి వచ్చి బ్రౌజింగ్ సెంటరులో కూర్చుంటుంది. గంటకు ఇంత అని డబ్బు కడుతుంది. మార్కుల జాబితా ఎక్కించే దగ్గర పేజీ ఆగిపోతుంది. మళ్ళీ మొదటి నుండి చేయాలి. నిరుడు ఒక తల్లి ఇలా మూడుసార్లు వచ్చి వెళ్ళారు. మూడు పూటల కూలి, మూడుసార్ల బస్సు ఛార్జీ, మూడుసార్ల సెంటరు ఛార్జీ పోయాయి. ఉపకార వేతనం ఇవ్వకముందే మనం ఆ ఇంటి నుండి డబ్బు తీసుకున్నట్లయింది.

మన తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు స్కాలర్‌షిప్పులతో చదువుకుని రాష్ట్రపతి స్థాయికి ఎదిగారని మనమందరం గర్వంగా చెప్పుకుంటాం. స్కాలర్‌షిప్పు అనేది సమయానికి అందితేనే స్కాలర్‌షిప్పు. ఆ సాయానికి మనం పెట్టుకున్న తలుపే తెరుచుకోకపోతే దాతల మంచి మనసు కూడా బయటే నిలబడిపోతుంది. అందుకే ట్రస్టువారు నిరుడు గడువును పొడిగించి, కాగితం దరఖాస్తులను కూడా తిరువళ్ళూరు, తిరుత్తణి రెండు చోట్లా తీసుకున్నారు. ఈ పద్ధతిని ఇకపై కూడా కొనసాగించాలని నిర్ణయించారు. తమిళనాడులో పదవ తరగతి ఫలితాలు వెబ్‌సైటులో పెడుతూనే, పాఠశాలలో ఇచ్చిన ఫోను నెంబరుకు ఎస్.ఎం.ఎస్. కూడా పంపుతున్నారు కదా. ఒక ద్వారం మూసుకుపోయినా ఇంకొకటి ఉండాలి.

పేరు, ఇల్లు, సామాను

ఒక వెబ్‌సైటులో మూడు వస్తువులు ఉంటాయి. మొదటిది పేరు. డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ ఇన్ అని చివర వస్తుందే, అది. దీన్ని డొమైన్ అంటారు. దీన్ని ఎవరూ శాశ్వతంగా కొనలేరు. రిజిస్ట్రార్ అనే కంపెనీ దగ్గర ఒక సంవత్సరం నుండి పది సంవత్సరాల వరకు నమోదు చేసుకుని, గడువు తీరేలోగా రెన్యువల్ చేయాలి. రెండవది ఇల్లు. మన పేజీలు నివసించే కంప్యూటరు అన్నమాట. దాన్ని అద్దెకిచ్చేవాళ్ళే హోస్టింగ్ కంపెనీ. మూడవది సామాను, అంటే మన పేజీలు, ఫోటోలు, దరఖాస్తుల వివరాలున్న డేటాబేసు.

తక్కువ అద్దెకు దొరికేదాన్ని షేర్డ్ హోస్టింగ్ అంటారు. ఒకే ఆవరణలో ఇరవై పోర్షన్లు కట్టి, అందరికీ ఒకే బోరు వేసినట్లు అనుకోండి. అందరూ ఒకేసారి నీళ్ళు పట్టుకుంటే ఎవరి బిందే నిండదు. ఒక కంప్యూటరులో వందల వెబ్‌సైట్లు పెట్టినప్పుడు జరిగేది ఇదే. ప్రకటనలో "అన్‌లిమిటెడ్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నిబంధనల పేజీ చివరిదాకా చదివితే ఎన్ని ఫైళ్ళు పెట్టవచ్చు, ఒకేసారి ఎన్ని ప్రోగ్రాములు నడపవచ్చు అనే పరిమితులు కనిపిస్తాయి. "99.9 శాతం పని చేస్తుంది" అనే హామీని కూడా లెక్కవేసి చూడండి. మిగిలిన 0.1 శాతం అంటే నెలకు దాదాపు 43 నిమిషాలు, సంవత్సరానికి ఎనిమిదిన్నర గంటలకు పైనే. పైగా ఆ హామీ వెబ్‌సైటు తెరుచుకుంటుంది అన్నంత వరకే గాని, త్వరగా తెరుచుకుంటుంది అని కాదు. హామీ తప్పితే సాధారణంగా తిరిగి ఇచ్చేది అద్దెలో కొంత భాగం మాత్రమే.

ముందు కొలవాలి, తరువాత అడగాలి

నిరుడు ఫిర్యాదులు రాగానే చాలామంది "కంపెనీ మోసం చేస్తోంది" అన్నారు. కొందరు "మన పిల్లల ఫోన్లే పాతవి" అన్నారు. రెండూ ఊహలే. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రం అడుగున కేబుళ్ళు తెగి, మన దేశంలో ఇంటర్నెట్టు రోజుల తరబడి నెమ్మదించింది. అందులో ఏ హోస్టింగ్ కంపెనీ తప్పూ లేదు. అందుచేత ఆలస్యం ఎక్కడ జరుగుతోందో ముందు తెలుసుకోవాలి. నేను నాలుగు పరీక్షలు చేశాను. ప్లస్ టూ చదివే పిల్లలు కూడా వీటిని చేయగలరు.

మొదటిది, అదే ఫోనులో వేరే వెబ్‌సైట్లు తెరిచి చూడటం. అవి వెంటనే వచ్చాయి. కాబట్టి కనెక్షను బాగానే ఉంది.

రెండవది, వేరే కంపెనీ సిమ్‌తో, వేరే ఊరి నుండి చూడటం. తిరువళ్ళూరులోనూ, తిరుత్తణిలోనూ, చెన్నైలో ఉన్న మిత్రుడి ఇంట్లోనూ ఒకే రకంగా ఆలస్యమైంది. కాబట్టి సమస్య మన వైపు లేదు.

మూడవది, ఒకే ఒక్క వాక్యం ఉన్న చిన్న ఫైలును వెబ్‌సైటులో పెట్టి తెరవడం. అందులో ఫోటో లేదు, డేటాబేసు లేదు. ఏడు రోజులపాటు ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి ఆ ఫైలు తెరిచి, ఎన్ని సెకన్లు పట్టిందో నోటు పుస్తకంలో రాశాను. ఉదయం ఒక సెకనులో వచ్చే ఫైలు రాత్రి పన్నెండు, పదిహేను సెకన్లు తీసుకుంది. చేతిలో ఒక్క కాగితం తీసుకుని పోయే మనిషికి కూడా దారి దొరకలేదంటే, ఆడి కృత్తిక నాడు తిరుత్తణి కొండ మెట్ల మీద ఉన్నంత రద్దీ అక్కడ ఉందని అర్థం. అంటే కంపెనీవారు ఆ కంప్యూటరులో మోయలేనన్ని వెబ్‌సైట్లు పెట్టారు.

నాలుగవది, మన సామాను బరువు చూడటం. మొదటి పేజీలో పాత సభల ఫోటోలు పది ఉన్నాయి. కెమెరాలో తీసినవి తీసినట్లే, ఒక్కొక్కటి నాలుగు ఎం.బి. ఉంది. మొత్తం 40 ఎం.బి. ఒక ఎం.బి.లో ఎనిమిది మెగాబిట్లు ఉంటాయి. సెకనుకు రెండు మెగాబిట్లు వచ్చే కనెక్షనులో ఆ పేజీ పూర్తిగా రావడానికి 160 సెకన్లు పడుతుంది. హోస్టింగ్ ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు. ఫోటోలను 150 కె.బి.కి తగ్గిస్తే మొత్తం కలిపి ఒకటిన్నర ఎం.బి. అయింది. అదే కనెక్షనులో ఆరు సెకన్లు.

ఇంకొక విషయం. తెలుగు ప్రకటనలను డి.టి.పి.లో టైపు చేయించి, కాగితం మీద తీసి, స్కాను చేసి ఫోటోగా పెట్టడం మన సంఘాలలో చాలాకాలంగా అలవాటు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు 1991 నుండే ఉన్నాయి. ఇప్పుడు ప్రతి ఫోనులోనూ తెలుగు కనిపిస్తుంది. యూనికోడ్‌లో ఒక తెలుగు గుర్తుకు మూడు బైట్లు చాలు. రెండు వేల గుర్తులున్న ప్రకటన ఆరు కె.బి. మాత్రమే. దాన్నే ఫోటోగా పెడితే అంతకు కొన్ని వందల రెట్లు బరువు. పైగా ఫోటోలోని అక్షరాలను వెతకడం కష్టం, చూపు సరిగా లేనివారికి ఫోను చదివి వినిపించడమూ కష్టం. ఇప్పుడు మన ప్రకటనలన్నీ తెలుగులోనూ, తమిళంలోనూ టైపు చేసిన అక్షరాలలోనే పెడుతున్నాం.

కంపెనీ ఏమన్నది?

కొలతలు తీసుకోకముందు ట్రస్టువారు ఆ హోస్టింగ్ కంపెనీకి మూడుసార్లు ఫోను చేశారు. మూడుసార్లూ ముగ్గురు వేర్వేరు మనుషులు మాట్లాడారు. ఒకరు బ్రౌజరు శుభ్రం చేయమన్నారు. ఒకరు మీ ఇంటర్నెట్టు బాగాలేదన్నారు. ఒకరు ఎక్కువ ధర ప్లానుకు మారమన్నారు. ముందు ఎవరేమి చెప్పారో తరువాతివారికి తెలియదు.

అప్పుడు ఫోను మానేసి రాతపూర్వకంగా అడిగాము. ఉత్తరం ఒకే పేజీ. అందులో కోపపు మాట ఒక్కటి కూడా లేదు. ఏడు రోజుల కొలతల పట్టిక, చిన్న ఫైలు పరీక్ష ఫలితం, మేము అడిగేది ఏమిటి, ఏ తేదీలోగా జవాబు కావాలి అన్న నాలుగు విషయాలు మాత్రమే రాశాము. పిల్లలూ, ఇది మీరు బాగా గుర్తుంచుకోవాలి. కళాశాలకు గాని, బ్యాంకుకు గాని, ప్రభుత్వ కార్యాలయానికి గాని ఫిర్యాదు రాసేటప్పుడు ఈ నాలుగూ ఉంటే చాలు. "చాలా ఘోరంగా ఉంది" అనే వాక్యానికి ఎవరైనా అడ్డు చెప్పగలరు. "రాత్రి తొమ్మిదింటికి పదిహేను సెకన్లు" అనే దానికి అడ్డు చెప్పాలంటే వాళ్ళు కూడా కొలవాలి.

జవాబు గడువు తేదీకి ముందురోజు వచ్చింది. తమ కంప్యూటరు సక్రమంగా ఉన్నదని, వేగం కావాలంటే ప్లాను మార్చుకోవాలని మళ్ళీ అదే మాట. కనీసం వాళ్ళ అభిప్రాయం మనకు రాతలో దొరికింది. కార్యవర్గం వారు ఒకే సమావేశంలో అక్కడి నుండి మారిపోవాలని తీర్మానించారు.

పేరు ఎవరి పేరున ఉంది?

మారదామనుకున్నప్పుడు అసలు చిక్కు బయటపడింది. చాలా సంవత్సరాల క్రితం ఈ వెబ్‌సైటును ఒక యువకుడు ఉచితంగా తయారుచేసి ఇచ్చారు. డొమైను, హోస్టింగు రెండూ ఆయన సొంత ఈమెయిలుతో, ఆయన పేరుతోనే నమోదై ఉన్నాయి. తరువాత ఆయన ఉద్యోగరీత్యా విదేశాలకు వెళ్ళిపోయారు. డబ్బు ట్రస్టుది, పేరు ట్రస్టుది. రికార్డులో మాత్రం యజమాని ఆయన.

ఇందులో ప్రమాదం ఏమిటో చెబుతాను. డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి పేర్లకు గడువు తీరే ముందు, సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తుచేయాలని ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ నియమం పెట్టింది. ఆ గుర్తుచేసే ఉత్తరం నమోదైన ఈమెయిలుకే వెళుతుంది. ఆ ఈమెయిలు ఎవరూ చూడకపోతే గడువు తీరిపోతుంది. ఆ తరువాత కొంతకాలం అదనపు రుసుముతో తిరిగి తీసుకునే అవకాశం ఉంటుంది. అదీ దాటితే ఆ పేరును ప్రపంచంలో ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. మన ట్రస్టు పేరుతో వేరెవరో దరఖాస్తులు పిలిచి, మన పిల్లల బ్యాంకు వివరాలు తీసుకుంటే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇలాంటి చిక్కులు పెద్ద దేశాలలోనూ వచ్చాయి. 2007లో అమెరికాలో రిజిస్టర్‌ఫ్లై అనే రిజిస్ట్రార్ కంపెనీ అంతర్గత తగాదాలతో దెబ్బతిన్నది. డబ్బు కట్టినవారి పేర్లు కూడా రెన్యువల్ కాలేదు. వేరే కంపెనీకి మారడానికి కావలసిన కోడ్ దొరకలేదు. చివరికి ఐకాన్ ఆ కంపెనీ గుర్తింపును రద్దు చేసి, పేర్లను ఇంకొక కంపెనీకి బదిలీ చేయించింది. అటువంటి సమయంలో రికార్డులో ఎవరి పేరు ఉందో అదే ఆధారం.

మన అదృష్టం కొద్దీ ఆ యువకుడు చాలా మంచివారు. ఉత్తరం రాయగానే స్పందించి, పేరును ట్రస్టు ఖాతాకు మార్చి ఇచ్చారు. ఆయనకు ఈ సభాముఖంగా కృతజ్ఞతలు. కానీ అందరికీ ఇలాగే జరుగుతుందని నమ్మకం లేదు. ఇప్పుడు ఆ ఖాతా ట్రస్టు ఈమెయిలుతో ఉంది. పాస్‌వర్డు రాసిన కవరు సీలు వేసి కోశాధికారి గారి బీరువాలో ఉంది. గడువు తేదీ ట్రస్టు డైరీలో ఎర్ర సిరాతో రాసి ఉంది.

ఇల్లు మారడం

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇల్లు మారడానికి పేరును కదిలించనక్కరలేదు. పేరు పాత కంపెనీ దగ్గరే ఉన్నా, అది చూపే చిరునామాను మాత్రం కొత్త ఇంటికి మార్చవచ్చు. యజమాని పేరు మార్చిన తరువాత అరవై రోజులపాటు వేరే రిజిస్ట్రారుకు బదిలీ కాకుండా ఆపే నిబంధన కూడా ఉంది కనుక, మేము ఇలాగే చేశాము. అరవై రోజుల తరువాత పేరును కూడా మార్చుకున్నాము. బదిలీ కోడ్ అడిగితే ఐదు రోజులలోగా ఇవ్వవలసిన బాధ్యత రిజిస్ట్రారుది.

ముందుగా ఫైళ్ళన్నీ, డేటాబేసు అంతా మన సొంత డిస్కులోకి దించుకున్నాము. కొత్త చోట పెట్టి, పరీక్షించి, ఆ తరువాతే చిరునామా మార్చాము. కొత్త చిరునామా అందరికీ తెలియడానికి కొన్ని గంటల నుండి రెండు రోజుల వరకు పట్టవచ్చు. ఆ రెండు రోజులూ కొందరి దరఖాస్తులు పాత ఇంటికి చేరి పోయే ప్రమాదం ఉంది కనుక దరఖాస్తు పేజీని ఆపి ఉంచాము. పాత హోస్టింగును రెండు వారాలు అలాగే ఉంచి, ఆ తరువాత పిల్లల వివరాలన్నీ తుడిచివేసి ఖాతా మూసివేశాము.

కొత్త ఇల్లు మన దేశంలోనే ఉన్న కంప్యూటరు. దీనికీ కారణం ఉంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుండి అమెరికా తూర్పు తీరం సుమారు 13,500 కిలోమీటర్లు. పోయి రావడానికి ఎంత తక్కువన్నా 135 మిల్లీసెకన్లు. కేబులు వంకర దారిలో పోతుంది కనుక నిజానికి ఇంకా ఎక్కువే. ఒక పేజీ రావడానికి ఇలాంటి రాకపోకలు చాలాసార్లు జరుగుతాయి. చెన్నైలోనో, ముంబైలోనో ఉంటే ఈ ఆలస్యం ఎన్నో రెట్లు తగ్గుతుంది.

బ్యాకప్ కూడా మన దగ్గర ఒకటి ఉండాలి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓ.వి.హెచ్. అనే పెద్ద హోస్టింగ్ సంస్థకు చెందిన డేటా సెంటరు భవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్ ఉందిలే అని ధీమాగా ఉన్న కొందరి బ్యాకప్ కూడా అక్కడే ఉండి అందులోనే పోయింది. ఇప్పుడు మన ట్రస్టు ప్రతి ఆదివారం ఒక ప్రతిని తిరువళ్ళూరులో, ఇంకొక ప్రతిని తిరుత్తణిలో ఉంచుతోంది.

సొంత అవసరానికి డబ్బు కట్టి ఏ సేవ తీసుకున్నా అన్యాయం జరిగితే అడిగే చట్టం కూడా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 2020 జూలై నుండి అమలులోకి వచ్చింది. కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. ముందుగా 1915 నెంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. అప్పుడు కూడా మొదట అడిగేది రసీదులు, ఉత్తరాలు, తేదీలే.

ఇప్పుడు మీ ఇంటి సంగతి

తల్లిదండ్రులకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ట్రస్టు పేరు వేరొకరి ఈమెయిలులో ఉన్నట్లే, మన పిల్లల దరఖాస్తులు కూడా ఎన్నో వేరొకరి చేతిలో ఉన్నాయి. ఈసారి వచ్చిన దరఖాస్తులు పరిశీలించినప్పుడు, వేర్వేరు ఇళ్ళ పిల్లలవి అయినా అదే ఫోను నెంబరు, అదే ఈమెయిలు కనిపించాయి. విచారిస్తే అవి బ్రౌజింగ్ సెంటరు వారివి. సెంటరువారు చెడ్డవారని నేను అనడం లేదు. తొందరలో తమది వేస్తారు, పని త్వరగా అయిపోతుంది. కానీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ కావచ్చు, కళాశాల అడ్మిషన్ కావచ్చు, లోపాలు సరిదిద్దుకోమని వచ్చే కబురు, ఓ.టి.పి. అన్నీ ఆ నెంబరుకే వెళతాయి. రేపు ఆ సెంటరు మూతపడితే, అక్కడి అబ్బాయి సిమ్ మార్చితే, మీ అమ్మాయి దరఖాస్తు తాళం ఎక్కడ వెతుకుతారు?

కాబట్టి నాలుగు పనులు చేయండి. ఇంట్లో ఎప్పుడూ ఉండే ఒక ఫోను నెంబరును, పిల్లల సొంత ఈమెయిలును మాత్రమే దరఖాస్తులో ఇవ్వండి. పాస్‌వర్డును ఒక నోటు పుస్తకంలో రాసి, రేషన్ కార్డు పెట్టే చోటే భద్రపరచండి. మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం వంటివాటిని ముందే చిన్న ఫైళ్ళుగా చేసి ఉంచుకుని, చివరి వారం దాకా ఆగకుండా మొదటి వారంలోనే దరఖాస్తు చేయండి. పంపిన వెంటనే రసీదు పేజీని ప్రింటు తీసుకోండి. పేజీ ఆగిపోతే ఏ రోజు, ఏ గంటకు ఆగిందో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. గడువు దాటిందని ఎవరైనా అంటే ఆ ఫోటోనే మీ తరఫున మాట్లాడుతుంది.

విద్యార్థులలో కంప్యూటరు చదివేవారికి ఒక విజ్ఞప్తి. మీలో కొందరు రేపు ఏదో ఒక సంఘానికో, పాఠశాలకో వెబ్‌సైటు చేసి ఇస్తారు. చాలా మంచి సేవ అది. ఇచ్చేటప్పుడు మాత్రం పేరు వాళ్ళ పేరున నమోదు చేయించండి, తాళాలు వాళ్ళ చేతికి ఇవ్వండి, ఒక కాగితం మీద అన్నీ రాసి ఇవ్వండి. వచ్చే దరఖాస్తుల కాలంలో తిరుత్తణి కార్యాలయంలో పిల్లలకు సాయపడటానికి ఇద్దరు, తిరువళ్ళూరులో ఇద్దరు స్వచ్ఛంద సేవకులు కావాలి. ఇష్టమున్నవారు సభ ముగిసిన తరువాత కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వగలరు.